జపాన్‌లోని క్యోటోలో డ్రైవర్‌తో కారు మాట్లాడుకునేముందు

ముందు నంబర్ ప్లేటు చూడండి. ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలుంటేనే కిరాయి బండి. అనుమతి లేకుండా తెల్ల ప్లేటు బండిని కిరాయికి తిప్పడం అక్కడ చట్టవిరుద్ధం, ఎంత చవగ్గా వస్తానన్నా వద్దు.

కియోమిజు గుడి ఉదయం 6కే తెరుస్తారు, బంగారు గుడి కింకాకుజి 9కి. కాబట్టి మొదట కియోమిజు. పొద్దెక్కితే ఆ గుడి ఉన్న హిగాషియామా ప్రాంతం రోడ్లు బస్సులతో బిగుసుకుపోతాయి, గంటల లెక్కన కట్టిన డబ్బంతా ట్రాఫిక్‌కే పోతుంది. కారున్నా గుడి గుమ్మం దాకా వెళ్లదు, చివరి ఎత్తు నడిచి ఎక్కాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పండి. ఫుషిమి ఇనారి గుడి 24 గంటలూ తెరిచే ఉంటుంది, సాయంత్రానికి వదిలేయొచ్చు.

టొయోటా ఆల్ఫార్డ్ వ్యాన్‌లో డ్రైవర్ కాక ఆరుగురు పడతారు, ఆరుగురి పెద్ద సూట్‌కేసులు మాత్రం పట్టవు. పార్కింగ్, టోల్ కిరాయిలో కలిపారా లేదా అని బుకింగ్ అప్పుడే అడగాలి. టిప్పు అక్కర్లేదు. అన్నట్టు, టాక్సీ వెనక తలుపు లాగకండి, డ్రైవరే తెరుస్తాడు!