ఏడు స్క్రీన్లతో ఒక గొడుగు: చికానో స్క్రీన్ ప్రింట్ ముద్ర నుంచి గోడ దాకా, నా అనుభవం

లాస్ ఏంజెలెస్‌లో ఏ వీధి మలుపు తిరిగినా పండ్ల బండి మీద రంగురంగుల గొడుగు కనిపిస్తుంది. మామిడి, పుచ్చ, దోస, హీకమా అనే దుంప ముక్కలు కోసి, నిమ్మకాయ పిండి, ఉప్పూకారం చల్లి చేతికిస్తారు. మామిడి ముక్కకు ఉప్పూకారం అద్దుకు తిన్న మనకు ఆ రుచి గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. కాలిఫోర్నియా అంతటా కాలిబాట మీద అమ్మకాన్ని నేరాల జాబితాలోంచి తీసేసిన చట్టం 2018లో వచ్చింది. నేను ముద్రించిన బొమ్మలో ఉన్నది ఆ బండే. గొడుగు కింద ఒకామె మామిడికాయ చెక్కుతుంటుంది. ఆమె వెనక, మెక్సికో వాళ్లు కొలిచే మేరీమాత రూపమైన గ్వాడలూపే మాతకు ఉండే కిరణాల వలయం, మన ఉత్సవ విగ్రహం వెనక మకరతోరణంలా. బొమ్మ ఒక చికానా (అమెరికాలో ఉండే మెక్సికన్ మూలాల) చిత్రకారిణిది, ముద్ర వేసింది నేను. కాగితం కొనడం దగ్గర్నుంచి ప్రదర్శన గోడ మీంచి దించేదాకా ఏం చేశామో, ఎక్కడ చెడిందో రాస్తున్నాను.

ఈ పనికి వెనక ఉన్న సంప్రదాయం తెలియకపోతే చాలా నిర్ణయాలు అర్థం కావు. 1965లో కాలిఫోర్నియాలోని డెలానోలో ద్రాక్ష తోటల కూలీల సమ్మె మొదలయ్యాక చికానో ఉద్యమానికి చవగ్గా, వేగంగా, వందల కొద్దీ బొమ్మలు కావాల్సి వచ్చాయి. చట్రానికి బిగించిన జాలీలో బొమ్మకు అక్కర్లేని చోటు మూసేసి, స్క్వీజీ అనే రబ్బరు పలకతో రంగును జాలీ గుండా కాగితం మీదికి దింపే స్క్రీన్ ప్రింట్ ఆ అవసరం తీర్చింది. ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో సిస్టర్ కారెన్ బొకలేరో కొందరు చిత్రకారులతో కలిసి 1970లో ఒక గరాజ్‌లో మొదలుపెట్టిన పని సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్ అనే ముద్రల కేంద్రం అయింది. ఆవిడ చదువుకున్నది పాప్ ఆర్ట్ (ప్రకటనలు, లేబుళ్లలాంటి రోజువారీ బొమ్మల్లోంచి చేసే కళ) ముద్రలు వేసిన కొరిటా కెంట్ దగ్గర. దుకాణంలో దొరికే లేబుల్‌ని తీసుకుని దాని అర్థం తిప్పేయడం వీళ్ల చేతిలో పదునెక్కింది. ఎస్టర్ హెర్నాండెజ్ ఎండుద్రాక్ష డబ్బా మీది నవ్వే అమ్మాయిని అస్థిపంజరంగా మార్చి వేసిన ముద్ర పురుగుమందుల మీద ఫిర్యాదు. యోలాండా లోపెజ్ 1978లో గ్వాడలూపే కిరణాల మధ్య తననే పరుగెత్తే స్త్రీగా గీసుకుంది. మా బొమ్మలో కిరణాలకు తోవ చూపింది ఆ పనే. అందుకే పాప్ అన్న మాటకు ఇక్కడ మెరుపు ఒక్కటే సరిపోదు, బొమ్మ ఎవరి పక్షాన నిలుస్తుందో కూడా కనబడాలి.

మొదట తేల్చుకోవాల్సింది ఫోటోల సంగతి. ఇతరుల ఫోటో మీద గీస్తే ఎంత మార్చినా చిక్కే. వార్‌హోల్ ఫౌండేషన్ కేసులో, ఒక ఫోటోగ్రాఫరు ఫోటో మీద వేసిన బొమ్మ గురించి, 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత నేను ఆ తోవకే పోను. బండి, గొడుగు, కత్తి అన్నీ మేం తీసుకున్న ఫోటోలే. బండి గొడుగు మీద ఏదైనా కూల్‌డ్రింక్ గుర్తు ఉంటే చెరిపేశాం. ఒక కంపెనీ గుర్తును ఆ కంపెనీని విమర్శించడానికి వాడుకోవడం వేరు, అలంకారానికి వాడుకోవడం వేరు. రెండోదానికి చట్టం అండ తక్కువ. ముఖం విషయంలో ఇంకా జాగ్రత్తపడ్డాం. బండి నడిపేవాళ్లలో కాగితాలు లేని వలసదారులు ఉంటారు. పోల్చుకోగలిగే ముఖం, చదవగలిగే వీధి పేరు, బండి మీద పర్మిట్ నంబరు బొమ్మలోకి రాకూడదని ముందే గీత గీసుకున్నాం. ముఖం ముగ్గురు నలుగురి పోలికలు కలిపి గీసింది. ఈ ఒక్క పనికి వారం పట్టినా తొందరపడకండి.

కాగితం 22×30 అంగుళాల నూలు కాగితం, చదరపు మీటరుకు 290 గ్రాములు. బొమ్మ 18×24. ఎడిషన్, అంటే సంఖ్య వేసి అమ్మే ప్రతులు, 50. దానికి 5 చిత్రకారిణి ప్రూఫులు, 2 ముద్రాపకుడివి, తక్కినవాటిని పోల్చిచూసే 1 ప్రమాణ ప్రతి కలిపితే 58. ఏడు రంగుల్లో ప్రతి రంగుకూ ఒకటో రెండో పాడవుతాయి కాబట్టి 70 షీట్లు లెక్కకట్టాను. ఇంకో 30 న్యూస్‌ప్రింట్ షీట్లు రంగు పరీక్షలకు. మధ్యలో కాగితం అయిపోతే మళ్లీ కొన్నది అదే తెలుపులో ఉంటుందన్న నమ్మకం లేదు, అందుకే ఒక్కసారే కొనాలి.

బొమ్మను రంగులుగా విడగొట్టడంలోనే తెలివంతా ఉంది. గొడుగుకు ఆరు రంగులు కావాలి, కానీ ఆరు స్క్రీన్లు కట్టలేదు. పసుపు, మెజెంటా, నీలం మూడే. మెజెంటా, నీలం పారదర్శకంగా కలిపాను: మూడు పాళ్లు ట్రాన్స్‌పరెంట్ బేస్‌కి ఒక పాలు రంగు. పసుపు మీద మెజెంటా పడ్డచోట ఎరుపు, పసుపు మీద నీలం పడ్డచోట ఆకుపచ్చ, మెజెంటా మీద నీలం పడ్డచోట ఊదా వచ్చాయి. తక్కిన నాలుగు స్క్రీన్లలో ఒకటి వెనకటి ఆకాశం, ఒకటి చర్మపు గోధుమరంగు, ఒకటి స్టీలు బండి నీడలకు బూడిదరంగు చుక్కలు, చివరిది నల్లగీత. పారదర్శక రంగులతో ఒక ఇబ్బంది ఉంది. రంగూ రంగూ కలిసేచోట సందు కనబడకుండా ఒకదాని మీదికి ఒకటి 1/32 అంగుళం ఎక్కిస్తాం కదా, ఆ ఎక్కినచోట ముదురు గీత తేలుతుంది. దాన్ని దాచడానికి నల్లగీతను ఎక్కడా 1/16 అంగుళానికి తగ్గకుండా గీయమని చిత్రకారిణిని అడిగాను. లావు నల్లగీత ఈ శైలికి ఎలాగూ సొంతమే.

స్క్రీన్‌కు బిగించే జాలీ (మెష్) మామూలు రంగులకు అంగుళానికి 230 దారాలది, నీడల చుక్కలకు 305. మన దగ్గర సెంటీమీటరు లెక్కలో అడిగేవాళ్లకు ఇవి దాదాపు 90, 120. చుక్కల సంఖ్య అంగుళానికి మెష్‌లో ఐదో వంతు దాటకూడదు, అందుకే 55 దగ్గర ఆపాను. కోణం 22.5 డిగ్రీలు. కోణం అశ్రద్ధ చేస్తే చుక్కలూ మెష్ దారాలూ ఢీకొని నీటి అలల్లాంటి చారలు పడతాయి, అవి ముద్ర మొదలయ్యాక బాగుచేయలేం.

మెష్ మీద పూసే, వెలుగు తగిలితే గట్టిపడే ఎమల్షన్ నీటిరంగులకు తట్టుకునే రకమే కొనాలి. తట్టుకోనిది వాడితే నలభయ్యో ప్రతి దగ్గర అంచులు కరగడం మొదలవుతుంది, అప్పటికి సగం ఎడిషన్ అయిపోయి ఉంటుంది. కాగితం వైపు ఒక పూత, స్క్వీజీ వైపు ఒక పూత. కాగితం వైపు కిందికి ఉండేలా పడుకోబెట్టి చీకట్లో ఆరబెట్టాలి. బొమ్మ ఉన్న ఫిల్ము దాని మీద పెట్టి వెలుగు చూపిస్తే, ఫిల్ములో నలుపు అడ్డుపడ్డచోట ఎమల్షన్ గట్టిపడక కడిగితే పోతుంది, రంగు దిగే దారి అదే. ఎంతసేపు వెలుగు చూపించాలన్నది ఒక్కో దీపానికీ ఒక్కోలా ఉంటుంది కాబట్టి నిమిషాల లెక్క చెప్పను. లేత నుంచి ముదురుకు 21 మెట్లున్న స్టౌఫర్ స్కేల్ అనే ఫిల్ము పట్టీ పెట్టి, కడిగాక ఏడో మెట్టు దాకా గట్టిగా నిలిస్తే సరిపోయినట్టు. కడిగి ఆరాక మరోసారి ఎండలో పెడితే ఇంకా గట్టిపడుతుంది.

ఇక ఆకాశం. పైన నీలం, నడుమ గులాబీ, కింద నారింజ, మూడూ ఒకే స్క్రీన్ మీద ఒకదాంట్లోకి ఒకటి కరగాలి. నన్ను ఎక్కువ ఏడిపించింది, ఎక్కువ సంతోషపెట్టింది ఇదే. రంగులు స్క్వీజీ పొడుగునా పక్కపక్కన పోస్తాం. అంటే రంగు మారే దిశ స్క్వీజీ లాగే దిశకు అడ్డంగా ఉంటుంది. పైనుంచి కిందికి మారే ఆకాశం కావాలంటే కాగితాన్ని పక్కకు తిప్పి పెట్టాలి, స్క్వీజీ బొమ్మ ఎత్తు కన్నా పొడుగ్గా ఉండాలి. 24 అంగుళాల బొమ్మకు 27 అంగుళాల స్క్వీజీ వాడాను, రబ్బరు గట్టిదనం 70. నీలం పక్కన నారింజ నేరుగా పోస్తే నడుమ బురదరంగు వస్తుంది, అందుకే గులాబీని కాపలా పెట్టాం. మొదటి రెండు లాగుళ్లలో స్క్వీజీని అర అంగుళం అటూ ఇటూ కదిపితే అంచులు కలుస్తాయి, తర్వాత ఖచ్చితంగా తిన్నగా లాగాలి. మొదటి ఆరు న్యూస్‌ప్రింట్ మీదే. ప్రతి పదిహేనింటికి ఒకసారి రంగంతా గరిటెతో తీసేసి కొత్తది పోయాలి, లేకపోతే గులాబీ పట్టీ వెడల్పవుతూ నీలాన్ని మింగేస్తుంది. ఈ ఒక్క స్క్రీన్‌కే లీటరు రంగు కలిపి పెట్టుకున్నాను. ఏ రెండు ప్రతులూ అచ్చం ఒకలా రావు. ఆ తేడా ఎంతవరకు ఒప్పుకోవాలన్నది ప్రమాణ ప్రతిని పక్కన పెట్టుకుని చిత్రకారిణే తేల్చింది.

తక్కిన రంగుల్లో అసలు పరీక్ష రిజిస్ట్రేషన్, అంటే ప్రతి రంగూ ముందటి రంగుతో సరిగ్గా కుదిరేలా కాగితాన్ని పెట్టడం. పొడుగు అంచుకు రెండు, పొట్టి అంచుకు ఒకటి, మూడు అడ్డుముక్కలు బల్లకు అతికించి, ఏడు రంగులకూ కాగితం అవే అంచులు వాటికి తగిలేలా పెట్టాను. స్క్రీన్‌కీ కాగితానికీ నడుమ ఎడం 1/8 అంగుళం. కొత్త రంగుకు ముందు పారదర్శకమైన మైలార్ షీట్ మీద ఒక ముద్ర వేసి, దాని కింద అసలు కాగితాన్ని జరిపి సరిచూసుకుని అడ్డుముక్కలు బిగించాలి. ఇదంతా సరిగ్గా చేసినా నాలుగో రంగు దగ్గర గొడుగు అంచున తెల్లటి సందు తేలింది. తప్పు బల్లది కాదు, గాలిది. దక్షిణ కాలిఫోర్నియాలో శరత్కాలంలో ఎడారి వైపు నుంచి శాంటా ఆనా గాలులు వీస్తాయి. తేమ ఒక్కసారి పడిపోతుంది. నూలు కాగితం 1/32 అంగుళం దాకా కుంచించుకుపోయింది, అంటే ఎక్కించుకున్న గీతంతా పోయింది. రెండు రోజులు పని ఆపి, కాగితాన్ని ప్లాస్టిక్ కప్పి, గదిలో తేమ 50 శాతానికి తెచ్చాక సర్దుకుంది. ఇప్పుడు తేమ మీటరు చూడకుండా రోజు మొదలుపెట్టను. అదే గాలికి రంగు మెష్‌లోనే ఎండిపోతుంది కూడా. లాగిన వెంటనే మళ్లీ రంగుతో స్క్రీన్ నింపాలి, నిమిషానికి మించి ఖాళీగా వదలకూడదు. రంగు త్వరగా ఎండకుండా కలిపే రిటార్డర్ నూటికి ఐదు పాళ్లు చాలు. ఎక్కువ పోస్తే రంగు జిగటగా మిగిలి, పేర్చిన షీట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

సంతకాలు పెన్సిల్‌తో: ఎడమవైపు సంఖ్య, నడుమ బొమ్మ పేరు, కుడివైపు సంతకం. 7/50 అంటే ఏడోది ముద్రించినదని కాదు, ఆ 50లో ఒకటని.

ధర దగ్గర చాలాసేపు మాట్లాడుకున్నాం. ఈ ముద్రలు ఉద్యమంలో పంచిపెట్టినవి, వంటింటి గోడలకు అంటించుకున్నవి. పండ్ల బండి బొమ్మను బండి ఉన్న పేటవాళ్లే కొనలేకపోతే వేసినందుకు అర్థం లేదని చిత్రకారిణి పట్టు. నాకూ అదే సబబనిపించింది. 120 డాలర్లు పెట్టాం. గ్యాలరీకి నూటికి 40 పోతే మిగిలేది 72. అందులోనే కాగితం, రంగు, ఫిల్ములు, నా కూలి. 50 ప్రతుల్లో 30 అమ్ముడైతే ఖర్చు తిరిగొస్తుంది. ఇంకో సంగతి, కాలిఫోర్నియాలో ఫ్రేమ్ కాకుండా 100 డాలర్లు, ఆపైన అమ్మే ముద్రకు ధ్రువపత్రం ఇవ్వాలని చట్టం. చిత్రకారుడి పేరు, పద్ధతి, ఏడాది, ఎడిషన్ సంఖ్య అందులో ఉండాలి. నేను ముద్ర అయిన రోజే, అన్నీ గుర్తున్నప్పుడే, 58కీ కలిపి రాసిపెట్టుకున్నాను. సొంతంగా బల్ల వేసి అమ్మితే సెల్లర్స్ పర్మిట్ తీసుకుని అమ్మకపు పన్ను కట్టాలి. గ్యాలరీకి అమ్మకానికి అప్పగిస్తే ఆ బొమ్మలు వాళ్ల దగ్గర మన తరఫున ధర్మకర్తృత్వంలో ఉన్నట్టే లెక్కని రాష్ట్ర చట్టం చెబుతుంది. అయినా ఎన్ని ప్రతులు ఇచ్చామో, ఎప్పటిలోగా డబ్బు కడతారో, పాడైతే ఎవరు భరిస్తారో కాగితం మీద రాయించుకోండి. ఒకచోట నోటిమాట మీద ఇచ్చిన నాలుగు ప్రతుల్లో ఒకటి మూల మడతపడి తిరిగొచ్చింది, ఎవరినీ అడగలేకపోయాం.

చూపించే చోట్లకు ఇక్కడ కొదవ లేదు. సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్, హైలాండ్ పార్క్‌లో పుట్టిన అవెన్యూ 50 స్టూడియో, లింకన్ పార్క్‌లో ప్లాజా డె లా రాసా ఈ పేటల మధ్య పెరిగినవే. 2022లో రివర్‌సైడ్ నగరపు పాత గ్రంథాలయ భవనంలో, చికానో కళను సేకరించిన నటుడు చీచ్ మారిన్ పేరిట చికానో కళకే ప్రత్యేకంగా మ్యూజియం తెరిచారు. కొత్తగా ముద్రలు వేసేవాళ్లు ముందు అక్కడికి వెళ్లి కళ్లారా చూడాలి. మెక్సికన్ల మృతుల పండుగ నవంబరు 1, 2 తేదీల్లో కాబట్టి దాని చుట్టూ జరిగే ప్రదర్శనలకు దరఖాస్తులు వేసవిలోనే అడుగుతారు. అక్టోబరులో కాగితం కొనేవాడికి ఆ ఏడు గోడ దొరకదు. ఆ పండుగకు చనిపోయినవాళ్ల కోసం అలంకరించే బల్లల మీద పోసే బంతిపూలు మెక్సికో పూలే, అక్కణ్ణుంచే లోకమంతా తిరిగి మన బతుకమ్మలోకీ వచ్చాయి. ఆ బల్లల ముందు నిలబడితే పరాయి దేశంలో ఉన్నట్టనిపించదు.

దరఖాస్తుకు పంపే ఫోటో విషయంలో చాలామంది నష్టపోతారు. బొమ్మను గోడకు తిన్నగా పెట్టి, ఇరువైపులా 45 డిగ్రీల్లో ఒకే రకం దీపాలు రెండు పెట్టి, పక్కన గ్రే కార్డ్ (రంగులు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) ఉంచి తీయాలి. మెజెంటా ఫోన్ ఫోటోల్లో ఎర్రగా మారిపోతుంది, సరిదిద్దకుండా పంపితే ఎంపిక చేసేవాళ్లు చూసేది వేరే బొమ్మ. కొలతలు ఎత్తు ముందు, వెడల్పు తర్వాత. పరిచయ వాక్యాలు వంద మాటల్లో, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ. గోడ మీది చీటీ కూడా రెండు భాషల్లో ఉండాలని మేం ముందే అడిగాం. బండి నడిపే ఆవిడ వచ్చి చదువుకోగలగాలి.

ఫ్రేమ్ కట్టించలేదు. ఒక్క ఫ్రేమ్ ఖరీదు ముద్ర ధరను దాటేస్తుంది. గోడలో ఇనుప తలల మేకులు కొట్టి, కాగితం మూలల మీద చిన్న నియోడిమియం అయస్కాంతాలు పెట్టాం. అయస్కాంతానికీ కాగితానికీ నడుమ చిన్న అసిటేట్ ప్లాస్టిక్ ముక్క ఉంచాలి, లేకపోతే కాగితం మీద గుండ్రటి నొక్కు పడుతుంది. పొడుగు అంచుకు మూడేసి చాలు. బొమ్మ నడిబిందువు నేల నుంచి 57 అంగుళాలు. దీపం నేరుగా పడితే మెజెంటా, పసుపు ముందు వెలిసిపోతాయి, కిటికీ ఎదురు గోడ ఇస్తే మరో గోడ అడగండి.

దించే రోజు ఇద్దరు కావాలి, చేతులు కడుక్కుని రావాలి. అయస్కాంతాలు కిందనుంచి పైకి తీస్తే కాగితం బరువుకు చిరగదు. ప్రతి షీటుకూ నడుమ గ్లాసైన్ అనే నున్నటి పల్చటి కాగితం వేసి పడుకోబెట్టి పెట్టెలో సర్దాం. జాబితాలో సంఖ్యలు చూసి టిక్కులు పెట్టుకున్నాం. 18 అమ్ముడయ్యాయి, గోడకెక్కినది చిత్రకారిణి ప్రూఫుల్లో ఒకటి, దాన్ని ఆమె తిరిగి తీసుకుంది. మిగతా 32 వచ్చే ముద్రల సంతకు సిద్ధంగా ఉన్నాయి. స్క్రీన్లలో ఆరు కడిగేసి కొత్త ఎమల్షన్ పూసేశాను. నల్లగీత స్క్రీన్‌ను మాత్రం ఎడిషన్ మళ్లీ వేయబోమన్న మాటకు గుర్తుగా అడ్డంగా గీతకొట్టి, ఒక్క కాగితం మీద ముద్రించి, దాన్ని ధ్రువపత్రాలతో కలిపి ఫైల్లో పెట్టాను.