పెట్టె చల్లబరచదు, చల్లదనాన్ని నిలుపుతుంది
రిఫ్రిజిరేటెడ్ కంటైనర్లలో సరుకు పంపడం మొదలుపెట్టిన కొత్తలో, అది పెద్ద ఫ్రిజ్ వంటిదనీ, వెచ్చని సరుకును ఎక్కించినా ఓడ మీద అదే చల్లబడుతుందనీ నేను నమ్మాను. నిజానికి ఆ యంత్రం ఉన్నది ముందే చల్లబరిచిన సరుకును అదే ఉష్ణోగ్రత వద్ద నిలపడానికి. చల్లగాలి నేల మీది అల్యూమినియం పట్టీల సందుల్లోంచి వచ్చి, సరుకు మధ్యగా పైకి లేచి, పైకప్పు కిందుగా తిరిగి యంత్రాన్ని చేరుతుంది. అందుకే లోపలి గోడ మీది ఎర్రగీతను దాటి ఒక్క వరుస ఎక్కువ పేర్చినా ఆ దారి మూసుకుపోతుంది.

గడ్డకట్టించిన సరుకుకు సాధారణంగా మైనస్ 18 డిగ్రీలు చాలు. పేచీ అంతా పండ్లతోనే. అవి కోసిన తరువాత కూడా శ్వాసిస్తూ వేడినీ, కార్బన్ డయాక్సైడ్‌నూ, కొన్నయితే కాయలను మాగబెట్టే ఇథిలీన్ వాయువునూ వదులుతాయి కనుక గాలి మార్పిడి కిటికీని తగినంత తెరిచి ఉంచాలి. అరటికాయలను సుమారు 13 డిగ్రీల కంటే బాగా తక్కువలో ఉంచితే తొక్క బూడిదరంగుకు తిరిగి, ఆపైన సరిగా పండవు.

ఒకసారి నా బుకింగ్ పత్రంలో మైనస్ గుర్తు జారిపోయింది. యంత్రం తెర మీద 18.0 అన్న అంకె చూసి డ్రైవరు ఫోన్ చేయబట్టి గండం గడిచింది. అప్పటినుంచి 'మైనస్' అన్న మాటను అక్షరాల్లో కూడా రాయిస్తున్నాను.