ఆ రెండు కడ్డీల మీద

నిన్న రాత్రి మారతహళ్లిలో మా ఇంట్లో కరెంటు రాగానే బాబు అడిగిన మొదటి మాట, "అమ్మా, జౌ జింగ్‌యువాన్ వీడియో పెట్టవా?" చైనా జిమ్నాస్ట్ జౌ ఆడిన 2024 పారిస్ ఒలింపిక్స్ పారలల్ బార్స్ ఫైనల్ అది, పక్కపక్కన సమాంతరంగా ఉండే రెండు కడ్డీల మీద చేసే విన్యాసం. వాడు ఆరు నెలలుగా జిమ్నాస్టిక్స్ క్లాసుకి వెళ్తున్నాడు. అరచేతుల్లో బొబ్బలు చిట్లి, కాయలు కాస్తున్నాయి. పారలల్ బార్స్‌లో సాధారణంగా అరచేతికి గ్రిప్స్ (తోలు పట్టీలు) ఉండవు, చాక్ పొడి, కొందరైతే కడ్డీకి కాస్త తేనె, అంతే.

నిమిషం కూడా పట్టని విన్యాసం. మోచెయ్యి కాస్త వంగినా, కాళ్లు కొంచెం విడినా పాయింట్లు పోతాయి. జౌ తలకిందులుగా నిలబడితే గోడకి మేకు కొట్టినట్టే! 16.200తో స్వర్ణం. రెండో స్థానంలో ఉన్న ఉక్రెయిన్ కుర్రాడు కొవ్‌తున్‌కి 15.500. టోక్యోలోనూ జౌదే స్వర్ణం. వరుసగా రెండు ఒలింపిక్స్‌లో ఇది గెలవడం 1972, 1976లో జపాన్‌కి చెందిన సవావో కటో తర్వాత మళ్లీ ఈయనే.

నాకు మాత్రం స్కోరు కంటే, దిగగానే ఆయన పాదాలు కదలకుండా నిలవడం చూసి కళ్లు చెమర్చాయి. బాబు అప్పటికే సోఫా పక్కన గోడకి కాళ్లు ఆనించి తలకిందులుగా ఉన్నాడు. "లెక్కపెట్టమ్మా" అన్నాడు. పదకొండు దాకా లెక్కపెట్టాను.