విశాఖ కార్తె, గడ్డి మీద తడి

కార్తీకం, నవంబరు రెండో వారం.

పొద్దున్న ఆరున్నరకు గోడకున్న థర్మామీటరు 15 దగ్గర ఆగింది. టీవీ అడుగున పాకే అక్షరాల్లో సిర్పూర్ (యు), గిన్నెధరి, అర్లి (టి), తిర్యాణి, అన్నీ ఆదిలాబాద్ వైపు ఊళ్ళే. ఏటా చలి మొదలైతే చాలు, ఈ ఊళ్ళ పేర్లే ఒకదాని వెనక ఒకటి వస్తాయి. వరంగల్‌లో ఆ అంకెలు చూసి ‘మనకింకా నయమే’ అనుకుంటారు. థర్మామీటరు వరకు అది నిజమే. చేను, కల్లం, నారుమడి సంగతికొస్తే మాత్రం అంకె ఎంతకు దిగిందన్నది రెండో ప్రశ్న. తడి ఎన్ని గంటలు ఆరకుండా ఉందన్నది మొదటి ప్రశ్న.

ఇవాళ తొమ్మిదింపావుకు కూడా ఒడ్డు మీది గరిక పాదాలు తడిపేంత తడిగా ఉంది. తూర్పు వైపున్న ఒడ్డు ఆరింది. చింతచెట్టు నీడ పడే చోట పది దాటాక గానీ ఆరలేదు. ఒకే చేనులో ఇంత తేడా ఉంటుంది కాబట్టి, పని ఎక్కడ మొదలుపెట్టాలో నీడను చూసే తేల్చుకోవాలి.

నైరుతి రుతుపవనాలు అక్టోబరు నడిమికల్లా తెలంగాణ దాటిపోతాయి. గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, ఆకాశం ఖాళీ అవుతుంది. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని పైకి వదిలేస్తుంది. ఆ వేడిని ఆపి కిందికి తిప్పే కప్పు ఉండదు. గాలి కూడా కదలకపోతే నేలను ఆనుకున్న పొర బాగా చల్లబడి, అందులోని తేమ ఆకు మీద నీటిబొట్లుగా దిగుతుంది. ఓరుగల్లు చుట్టూ చెరువులు నిండి, కాలువల కింద పొలాలు తడిగా ఉన్న కాలమిది. గాలికి తేమ కొదువ లేదు. ఆదిలాబాద్ వైపు విదర్భ మీదుగా వచ్చే గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ చలి ఇంకా కిందికి దిగుతుంది. ఇక్కడ చలి తక్కువే గానీ తడి ఎక్కువ. ములుగు దాటి గోదావరి ఒడ్డుకు పోతే ఇది పొగమంచుగా మారి రోడ్డే కనపడకుండా చేస్తుంది.

ఆకు మీద నీరు గడ్డకట్టడం మన దగ్గర చాలా అరుదు. అసలు ఉండదని మాత్రం అనలేం. వాతావరణ శాఖ థర్మామీటరు నేలకు సుమారు నాలుగు అడుగుల ఎత్తున, గాలి ఆడే తెల్ల చెక్కపెట్టెలో ఉంటుంది. ప్రశాంతమైన రాత్రి నేల మీది గడ్డి దానికంటే రెండు మూడు డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే చల్లగా ఉంటుంది. అందుకే పెట్టెలో 3, 4 డిగ్రీలు పలికిన రోజున ఏజెన్సీ పల్లపు భూముల్లో వరిగడ్డి వాము మీద తెల్లని పలుచని పూత పడే వీలుంది. మైదానంలో కనిష్ఠం 10 లేదా అంతకంటే తక్కువకు దిగి, మామూలు కంటే 4.5 డిగ్రీలు తగ్గితే చలిగాలులంటారు. 4కు దిగితే మామూలుతో పోల్చే పని కూడా లేదు. వరంగల్‌కు ఆ రోజులు వస్తే ఎక్కువగా డిసెంబరు, జనవరిలోనే వస్తాయి. ఇప్పుడు కాదు.

ఇప్పుడున్న పని పత్తి. తడి గంటల లెక్క రూపాయల్లో కనిపించేది ఇక్కడే. సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ) కొనుగోలుకు తేమ 8 నుంచి 12 శాతం లోపు ఉండాలి. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలుండేది. అది 8 శాతం తేమ ఉన్న పత్తికే. ఆపైన ఒక్కో శాతానికి 81 రూపాయల 10 పైసలు కోత. 12 శాతం దగ్గర చేతికొచ్చేది 7,785 రూపాయల 60 పైసలు. 12 దాటితే కొనరు. బండి తిప్పుకుని రావాలి, లేకపోతే ప్రైవేటు వ్యాపారి చెప్పిన ధరకే తలూపాలి.

ఏడింటికే కూలీలు చేనులో దిగితే ఏరేది సగం నీళ్ళే. కూలి కిలోల లెక్క కాబట్టి ఆ నీళ్ళకూ మనమే కూలి కడతాం. అట్లని మధ్యాహ్నం దాకా ఆగడమూ తప్పే. ఎండ ముదిరాక కాయ చుట్టూ ఉన్న ఎండు రేకులు పెళుసెక్కి, చెయ్యి తగలగానే పొడిపొడిగా రాలి పింజకు అంటుకుంటాయి. అప్పుడు తేమ తగ్గుతుంది గానీ చెత్త పెరుగుతుంది. ఈ రోజుల్లో బాగా కుదిరే వేళ తొమ్మిదిన్నర, పది నుంచి ఒంటి గంట వరకు. ముందే ఏరక తప్పని రోజున ఆ పత్తిని వేరే సంచిలో పెట్టాలి. పొద్దున్న ఏరింది, మధ్యాహ్నం ఏరింది ఒకే కుప్పలో పోస్తే తడిది పొడిదాన్ని కూడా లాగేస్తుంది. కుప్ప నడుమ వేడెక్కి పింజ పచ్చబడుతుంది.

ఆరబెట్టేది నూలు గుడ్డ మీద. ప్లాస్టిక్ పట్టా మీద వేస్తే అడుగు చెమటపడుతుంది. యూరియా సంచి దారాలు పింజలో కలిస్తే జిన్నింగ్ మిల్లులో పట్టుకుంటారు, ధర తగ్గిస్తారు. ఒట్టి సిమెంటు గచ్చు రాత్రిపూట చల్లబడి తడి పడుతుంది కాబట్టి దాని మీదా వదలకూడదు. ఆరిందో లేదో చూడాలంటే కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి నడిమి నుంచి గుప్పెడు తీసి, గింజను పంటితో కొరకాలి. టక్కున విరిగితే ఆరినట్టే. మెత్తగా నలిగితే ఇంకో ఎండ కావాలి. పైపొర చూసి మోసపోయేవాళ్ళే ఎక్కువ.

రాత్రంతా వరసలో నిలబడే ట్రాక్టర్లది ఇంకో గోస. పగలంతా ఆరబెట్టి 10 శాతానికి తెచ్చిన పత్తి, తెల్లవారేసరికి పై జానెడు మందం తడిసి ఉంటుంది. తేమ మీటరు పెట్టేది ముందుగా ఆ పైపొరలోనే. ట్రాలీకి పొద్దు గుంకకముందే తాడిపత్రి (టార్పాలిన్) కప్పి, తెల్లారి దాని పైన నిలిచిన నీళ్ళు ఒక పక్కకు జారేట్టు తీయాలి. గుంజి లాగితే నీళ్ళన్నీ పత్తి మీదే. తీసిన తర్వాత గంటసేపు ఎండ తగలనిచ్చి అప్పుడు మీటరుకు పిలవాలి.

‘కార్తీకాన వానలు లేవు, కర్ణుని తర్వాత యుద్ధం లేదు’ అంటారు. 2025లో కార్తీకం మొదలై వారం తిరిగిందో లేదో, అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చి వరంగల్, హనుమకొండలను ముంచింది. సామెతను నమ్మి వడ్లు రోడ్డు మీద వదలడం ఇప్పటి కాలానికి పనికిరాదు.

వడ్ల కొనుగోలుకు తేమ హద్దు 17 శాతం. హార్వెస్టర్ కోసినవి 22, 25 మీద ఉంటాయి కాబట్టి మూడు నాలుగు మంచి ఎండలు పడాలి. రెండు మూడు అంగుళాల మందాన పరిచి గంటకోసారి కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిప్పుతారు, అంతవరకు అందరూ బాగానే చేస్తారు. తప్పేది సాయంత్రం. పొద్దు పూర్తిగా మునిగాక కుప్ప చేస్తే అప్పటికే పైగింజ తడి పట్టి ఉంటుంది. అయిదు లోపు, గింజ ఇంకా గోరువెచ్చగా ఉన్నప్పుడే దగ్గరకు లాగి కప్పాలి. ఆరిన గింజ మళ్ళీ తడిస్తే లోపల సన్నని పగులు వస్తుంది. పొట్టు మీద ఏమీ కనపడదు. మిల్లులో బియ్యం విరిగి నూకలైనప్పుడు బయటపడుతుంది. ఆ పగుళ్ళకు ఇట్లా రాత్రి వదిలేసిన తడి ఒక కారణం.

యాసంగి (రబీ) వరి నారు కొందరు అప్పుడే పోశారు. చలికి మొట్టమొదట దెబ్బ తినేది ఇదే. వానకాలంలో విత్తనం 24 గంటలు నానబెట్టి, 24 గంటలు మండె కడితే (నానిన గింజను గోనెలో మూటకట్టి ఉంచితే) మొలక వస్తుంది. ఇప్పుడు మండె 36 గంటలు, చలి ఎక్కువైతే 48 గంటలు పడుతుంది. గోనె సంచి మీద వరిగడ్డి కప్పి, అప్పుడప్పుడు గోరువెచ్చని నీళ్ళు చిలకరిస్తే వేడి నిలుస్తుంది. తొందరపడి తెల్లముక్కు (మొలక కొస) రాకముందే చల్లితే మడిలో సగం కుళ్ళిపోతుంది.

ఎకరం నాటుకు రెండు గుంటల (ఎకరంలో ఇరవయ్యో వంతు) మడి చాలు. దానికి దుక్కిలో 2.2 కిలోల యూరియా, 1.7 కిలోల పొటాష్ ఎప్పటిలాగే. సూపర్ ఫాస్ఫేట్ మాత్రం వానకాలంలో వేసే ఆరుంబావు కిలోలకు రెట్టింపు, పన్నెండున్నర కిలోలు. చల్లటి నేలలో వేరు భాస్వరాన్ని సరిగా పీల్చుకోదు, అందుకే ఈ అదనం. నారు ఎదగక పసుపెక్కితే చాలామంది ఇంకో గుప్పెడు యూరియా చల్లుతారు. దానితో ఆకు లేతబడి తెగులుకు దారి అవుతుంది తప్ప నారు లేవదు. ఆకుల మీద తుప్పు రంగు మచ్చలుంటే అది జింకు లోపం. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి పిచికారీ చేయాలి, దాన్ని పురుగుమందుతో కలపకూడదు.

మడిలో రాత్రంతా నిలిచిన నీళ్ళు పొద్దున్నే తీసేసి బోరు నీళ్ళు పెడితే నారు తేరుకుంటుంది. లోపలి నుంచి వచ్చే నీళ్ళు ఈ కాలంలో గోరువెచ్చగానే ఉంటాయి. చెరువు కాలువ నీళ్ళకు ఆ గుణం లేదు. చలి ముదిరాక వెదురు బద్దలు వంచి అడుగు ఎత్తున పాలిథిన్ కప్పాలి. ఆకుకు పట్టా ఆనితే కొస మాడుతుంది. పొద్దున్న ఎనిమిది, ఎనిమిదిన్నరకు తీయకపోతే లోపల ఆవిరి పట్టి కొత్త రోగం వస్తుంది. ఇన్ని చేసినా యాసంగి నారు నాటుకు రావడానికి 30 నుంచి 35 రోజులు పడుతుంది. వానకాలం లెక్కన 25 రోజులకే కూలీలను మాట్లాడుకుంటే పని చెడుతుంది.

పత్తి ఆకులు అక్కడక్కడ ఎర్రబడుతున్నాయి. రాత్రులు చల్లబడితే ఇది మామూలే. లీటరుకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ వారం ఎడంతో రెండుసార్లు కొడితే కొంత ఆగుతుంది. చివరి ఏరుడుకు వచ్చిన చేనుకు ఆ ఖర్చు దండగ. ఇంట్లో కొబ్బరినూనె గడ్డకట్టింది, ఇడ్లీ పిండి రాత్రి తొమ్మిదికి రుబ్బితే పొద్దున్నకు పొంగలేదు. రేపటి నుంచి సాయంత్రం ఆరుకే రుబ్బాలి.

సాయంత్రానికి తూర్పున పలచగా మబ్బు పట్టింది. బంగాళాఖాతంలో ఏదో కదులుతున్నట్టుంది. మబ్బు నిలిస్తే రాత్రి రెండు మూడు డిగ్రీలు వెచ్చబడి, పొద్దున్న తడి తక్కువ ఉంటుంది. పత్తి తొమ్మిదికే మొదలుపెట్టొచ్చు. కానీ రెండు మూడు రోజులు మబ్బు, తర్వాత చల్లటి తడి రాత్రులు వస్తే నారుకు అగ్గి తెగులు అంటుకునే అదును అదే. ఆకు మీద రెండు కొసలూ మొనదేలి, నడుమ బూడిద రంగులో కండె ఆకారపు మచ్చలు కనిపించిన రోజే ట్రైసైక్లజోల్ లీటరుకు 0.6 గ్రాములు కొట్టాలి. యూరియా అప్పటికి ఆపేయాలి. మబ్బున్నా లేకున్నా వడ్ల మీద తాడిపత్రి కప్పే తీరాలి. అంచులకు ఇటుకలు సరిపోలేదు, రేపు ఇంకో పది తెప్పించాలి.