గంటలు పెరిగాయి, మార్కులు తగ్గాయి: మెయిన్స్ ముందు నేను ఆగిపోయిన రోజులు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్-2 పరీక్షకు చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, ఒకసారి తప్పి మళ్లీ పుస్తకం పట్టుకున్న నాలాంటి వాళ్లకు ఇది రాస్తున్నాను. ఏం చదవాలి, ఎలా చదవాలి అని చెప్పేవాళ్లు ఎక్కడ చూసినా ఉన్నారు. పుస్తకం ముందు కూర్చున్నా చదువు సాగని రోజు వస్తే ఏం చేయాలో మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. నాకు ఆ రోజు 2024 నవంబరులో వచ్చింది. ఒక్క రోజుతో పోలేదు.

మాది కందుకూరు దగ్గర పల్లె. నాయన పొగాకు వేస్తాడు. నేను ఒంగోలులో హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. 2023 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. 2024 ఫిబ్రవరి 25న ప్రిలిమ్స్ (తొలి వడపోత పరీక్ష) రాశాను, దాని తర్వాత రాసే అసలు పరీక్ష మెయిన్స్‌కు క్వాలిఫై అయ్యాను. మెయిన్స్ జులై 28 అన్నారు. తర్వాత 2025 జనవరి 5 అన్నారు. చివరికి ఫిబ్రవరి 23 అయింది. వాయిదా పడిన ప్రతిసారీ "మంచిదేలే, ఇంకో రివిజన్ చేసుకోవచ్చు" అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. కానీ జులై 28 కోసం కూడబెట్టుకున్న ఓపిక జులైకే ఖర్చయిపోయింది. ఆ తర్వాత నడిపిందంతా అప్పు మీదే.

నా దగ్గర ఒక పొడుగు నోట్‌బుక్ ఉంది. రోజూ పడుకునే ముందు ఆ రోజు ఎన్ని గంటలు చదివానో, వారం చివర టెస్టులో ఎన్ని మార్కులొచ్చాయో అందులో రాసేదాన్ని. ఆగస్టు పేజీలో రోజుకు తొమ్మిది గంటలు, 150కి 96 మార్కులు. సెప్టెంబరులో పది గంటలు, 91. అక్టోబరులో పదకొండు, 84. నవంబరులో పన్నెండున్నర గంటలు, 77. ఇప్పుడు చూస్తే చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. అప్పుడు నాకు అర్థం కాలేదు. మార్కులు తగ్గాయంటే చదివింది చాలట్లేదనుకున్నాను. ఇంకో అరగంట పెంచాను. ఆ అరగంటను నిద్రలోంచి కోశాను.

ముందుగా పోయింది నిద్రే. పదకొండింటికి పడుకుంటే రెండింటికి మెలకువ వచ్చేది. కళ్లు మూసుకుంటే రాజ్యాంగం ఆర్టికల్ నంబర్లు తిరిగేవి. తెల్లారి లేస్తే రాత్రంతా మూటలు మోసినట్టు ఒళ్లంతా బరువు. ఆదివారం పూర్తిగా పడుకున్నా సోమవారం అదే బరువు. మామూలు అలసటకూ దీనికీ తేడా నాకు ఇక్కడే తెలిసింది: అలసటైతే ఒక నిద్రతో తీరుతుంది.

తర్వాత కోపం. పక్క మంచం మీద చెల్లి పేజీ తిప్పితే ఆ చప్పుడుకు ఒళ్లు మండేది. (రూమ్మేటే, పొదిలి అమ్మాయి. నన్ను అక్కా అంటుంది.) అమ్మ ఫోన్ చేస్తే మోగుతూనే ఉన్నా తీసేదాన్ని కాదు. ఎవరికైనా ఉద్యోగం వచ్చిందని తెలిస్తే సంతోషం గానీ అసూయ గానీ కలిగేది కాదు. "వస్తే ఏంటి?" అనిపించేది. రెండేళ్లుగా ఏ ఉద్యోగం కోసం కలలు కన్నానో ఆ ఉద్యోగం గురించే అలా అనిపించడం నన్ను చాలా భయపెట్టింది.

ఒకరోజు పంచాయతీరాజ్ చదువుతున్నాను. రాజ్యాంగ 73వ సవరణ, పదకొండో షెడ్యూల్, 29 అంశాలు. ఆ లైను కింద పెన్సిల్ గీత ఉంది. దాని పక్కనే నీలం పెన్ను గీత. మీద పసుపు హైలైటర్. మార్జిన్లో ఎర్ర పెన్నుతో నక్షత్రం. అంటే నాలుగు సార్లు చదివానన్నమాట. అయిదోసారి చదువుతుంటే ఆ లైను నాకు కొత్తగా ఉంది. ఆ గీతలన్నీ ఎవరో వేసినట్టున్నాయి. పుస్తకం మూసి గోడకేసి చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. నోట్‌బుక్‌లో మాత్రం అది కూడా చదివిన గంటగానే రాశాను.

అదే వారంలో చెల్లి పడుకునేముందు బిట్లు అడుగుతోంది. "అక్కా, 2022లో కందుకూరు రెవెన్యూ డివిజన్ ఏ జిల్లాలోకి వెళ్లింది?" నేను బాపట్ల అన్నాను. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వెళ్లింది మా కందుకూరే. అది మా ఊరు. అప్పట్లో ఏ అప్లికేషన్ నింపినా నా అడ్రసులో నేను రాసే జిల్లా అదే. చెల్లి నవ్వలేదు. లైటు తీసేసి, "అక్కా, నువ్వు బాగాలేవు. రేపు ఎవరికైనా చూపించుకుందాం" అంది. ఆ మాట అన్నందుకు ఆ పిల్లకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

చూపించుకున్న డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "రోజుకు ఎన్ని టీలు తాగుతావమ్మా?" ఆరు, ఒక్కోసారి ఏడు. అన్నం తినగానే ఒకటి తప్పనిసరి. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.1 వచ్చింది. మన ఆడవాళ్లకు 12 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. థైరాయిడ్ బాగానే ఉంది. ఐరన్ మాత్రలు రాసి, టీ అన్నంతోపాటు తాగితే ఒంటికి ఐరన్ సరిగా పట్టదని, నిమ్మరసం తీసుకుంటే మంచిదని చెప్పింది. ఇది ఎందుకు ఇంత వివరంగా రాస్తున్నానంటే, మనం చదువు మీద శ్రద్ధ తగ్గిందని మనల్ని మనం తిట్టుకుంటున్న చాలాసార్లు కారణం ఒంట్లో ఉండొచ్చు. ముఖ్యంగా హాస్టల్ మెస్సులో తింటున్న అమ్మాయిలు ఒక్కసారి రక్తపరీక్ష చేయించుకోండి.

నా బాధలో రక్తహీనత సగమే. మిగిలిన సగాన్ని ఆ డాక్టరమ్మే బర్నౌట్ అంది. తెలుగులో దీనికి సరైన మాట ఇంకా నాకు దొరకలేదు. మా అమ్మ చూసి "ఇంకిపోయావు" అంది, అదే దగ్గరగా ఉంది. బర్నౌట్ అనే మాటను ఇలా వాడినవాళ్లలో ముందువరసలో ఉన్నది ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు. న్యూయార్క్‌లో ఉచిత క్లినిక్‌లో పనిచేసే వలంటీర్లను చూసి 1974లో రాశాడు. గమనించండి, పని ఎగ్గొట్టేవాళ్ల గురించి కాదు ఆయన రాసింది, ఇష్టపడి పనిలో మునిగిపోయినవాళ్ల గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని తన వర్గీకరణలో వివరించినప్పుడు మూడు సంగతులు చెప్పింది: శక్తి అయిపోవడం, చేసే పని మీద మనసు విరిగిపోవడం, చేసింది ఫలితం ఇవ్వకపోవడం. నా నిద్ర, "వస్తే ఏంటి" అన్న మాట, 77 మార్కులు. మూడూ సరిపోయాయి.

ఆ సంస్థ దీన్ని జబ్బు అనలేదు. ఉద్యోగ జీవితానికి సంబంధించిన విషయం అంది. అయితే మనకు ఉద్యోగమే లేదు కదా, మనకెందుకు వస్తుంది అని అడుగుతారు. నన్నూ మా బంధువొకాయన అడిగాడు, "ఇంట్లో కూర్చుని చదివేదానికి అలుపేంది?" అని. నా ఉద్దేశం స్పష్టంగా చెప్తాను. జీతం లేని, సెలవు లేని, ఎప్పుడు ముగుస్తుందో తెలియని పని మనది. పని కాదంటే ఒప్పుకోను. ఉద్యోగులకు వేసే ఇదే కొలతను విద్యార్థులకు తగ్గట్టు మార్చి, 2002లో స్పెయిన్, పోర్చుగల్, నెదర్లాండ్స్ విద్యార్థుల మీద చేసిన పరిశోధన కూడా ఉంది.

డిసెంబరు మూడో వారంలో ఊరికి వెళ్లాను. బస్సు దిగగానే అమ్మ నా మొహం చూసి, "ఏందమ్మా, అట్టా పీక్కపోయావు? పది రోజులు పుస్తకం ముట్టుకోబాక" అంది. నేను బ్యాగులో ఎనిమిది పుస్తకాలు మోసుకొచ్చాను. మొదటి నాలుగు రోజులు అవి తీయకుండా ఉండటం చదవడం కంటే కష్టమైంది. పొద్దున్నే గుండె దడ. ఏదో తప్పు చేస్తున్నట్టు. నాయన డబ్బు, హాస్టల్ ఫీజు, వయసు, అన్నీ ఒకేసారి మీదపడేవి. విశ్రాంతి తీసుకోగానే హాయిగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మొదట్లో ఇంకా భయమేస్తుంది. ఆ నాలుగు రోజులు దాటాలి.

అయిదో రోజు నుంచి కూలీలతో కలిసి పొగాకు అల్లడానికి వెళ్లాను. ఆకును కర్రకు అటొకటి ఇటొకటి దారంతో అల్లుకుంటూ పోవాలి. రెండు గంటల్లో చేతులకు జిగురు పట్టి నల్లగా అయిపోతాయి, సబ్బుకు కూడా ఒక పట్టాన పోదు. అల్లిన కర్రలన్నీ బ్యారన్లోకి, అంటే ఆకును సెగతో ఆరబెట్టే గదిలోకి, ఎక్కిస్తారు. ఆ తర్వాత నాయన రాత్రిళ్లు అక్కడే మంచం వేసుకుంటాడు. ఒక రాత్రి తోడుగా కూర్చున్నాను. చిన్న అద్దంలోంచి టార్చి వేసి థర్మామీటర్ చూసుకుని, పొయ్యిలోకి ఒక కట్టె తోశాడు. చలిగా ఉంది, నాకు ఇంటికి పోవాలని ఉంది. "ఇంకో నాలుగు కట్టెలు వెయ్యి నాయనా, తొందరగా అయిపోద్ది" అన్నాను. "ముందు ఆకు పండుబారాల. ఇప్పుడే సెగ పెంచితే పచ్చిగానే ఎండిపోద్ది. వేలంలో ఎవురూ చూడరు" అన్నాడు. మళ్లీ మంచం మీద పడుకున్నాడు. నేను అక్కడే, దుప్పటి కప్పుకుని, తెల్లారేదాకా నిద్రపోయాను. నాలుగు నెలల్లో మధ్యలో మెలకువ రాని మొదటి రాత్రి అది.

కనుమ దాటాక ఒంగోలు వచ్చేశాను. పరీక్షకు అయిదు వారాలుంది. పన్నెండున్నర గంటల జోలికి పోలేదు. రోజుకు ఆరు గంటలు, గంటన్నర చొప్పున నాలుగు సార్లు. నోట్‌బుక్‌లో గంటల కాలమ్ కొట్టేశాను. దాని స్థానంలో పుస్తకం మూసి ఎన్ని పాయింట్లు చూడకుండా రాయగలిగానో రాశాను. సాయంత్రం అయిదున్నరకు చెల్లితో నడక. రాత్రి పదిన్నరకు ఫోన్ ఆమె దగ్గర, ఆమె ఫోన్ నా దగ్గర. టెస్టుల్లో కూడా ఒక మార్పు: నవంబరులో ఆత్రంగా 150 ప్రశ్నలకూ జవాబులు పెట్టేసి వచ్చేదాన్ని, మూడు తప్పులకు ఒక మార్కు పోతుందని తెలిసి కూడా. ఇప్పుడు తెలియనివి వదిలేయగలిగాను. మొదటి వారం 85, తర్వాత 97, ఫిబ్రవరి మొదట్లో 103. ఎకానమీలో రెండు చాప్టర్లు అసలు ముట్టుకోలేదు. అలా వదిలేయడం నాకు నవంబరులో చేతకాలేదు.

అందరికీ అన్ని రోజులు ఊరెళ్లే వీలు ఉండదు. కొందరికి ఇల్లే పెద్ద టెన్షన్. చెల్లి ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ చదివేది, సెలవు దొరకదు. ఆమెకు బాగా నలిగిపోయినట్టు అనిపించిన వారం ఒక సబ్జెక్టు, ఒక టెస్టు పూర్తిగా తీసేసేది, తీసేసిన గంటను ఇంకో సబ్జెక్టుకు ఇచ్చేది కాదు. ఆ రెండో భాగమే ముఖ్యం.

ఇంకో మాట తప్పక చెప్పాలి. నాకు పుస్తకం మీదే విరక్తి. ఊళ్లో అమ్మ చేసిన పప్పుచారు రుచిగానే ఉంది, పిల్లలతో మాట్లాడితే బాగానే ఉంది. మీకు రెండు వారాలకు మించి ఏదీ రుచించకపోతే, ఎవరితోనూ ఉండబుద్ధి కాకపోతే, చచ్చిపోతే బాగుండు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది నేను రాస్తున్న దానికంటే పెద్దది. సెలవుతో తీరదు. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి ఉంది, ఉచితం, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో చెప్పలేకపోతే అక్కడ చెప్పండి.

ఫిబ్రవరి 23న పరీక్ష రాశాను. ముందురోజు సాయంత్రం కూడా వాయిదా అంటూ ప్రచారం జరిగింది. ఫోన్ చెల్లి దగ్గరే ఉంచి పడుకున్నాను. ఏప్రిల్లో వచ్చిన లిస్టులో నా నంబరు లేదు. రెండు రోజులు ఏడ్చాను. ఆ రెండు రాత్రులూ నిద్ర మాత్రం పట్టింది. మూడో రోజు అమ్మ గోంగూర పచ్చడి కలిపి పెడితే ఇంకో ముద్ద అడిగి తిన్నాను.

మళ్లీ చదువుతున్నాను. హిమోగ్లోబిన్ 11.8కి వచ్చింది, టీ రెండుకు తగ్గింది. నోట్‌బుక్ పాతదే. నవంబరు పేజీలు చింపేయమని చెల్లి అంది. చింపలేదు, అక్కడ ఒక పొగాకు ఆకు పెట్టుకున్నాను. తెరిస్తే వాసన వస్తుంది.