పాల క్యాన్ల స్ప్రింగులు తీసేశాక

మా నాన్న ఈ స్ప్లెండర్ మీద పదేళ్ళు పాలు తోలాడు. వెనక రెండు పక్కలా 40 లీటర్ల క్యాన్లు, ఒక్క పాలే 80 కిలోలు దాటుతాయి. వెనక షాక్స్‌కు (కుదుపు ఆపే షాక్ అబ్జార్బర్లకు) ఉన్న కంపెనీ స్ప్రింగులు ఆ లోడుకు ఆగక, అప్పట్లో లావు కమ్మీ స్ప్రింగులు వేయించుకున్నాడు, ఆ పనికి అవే సరి. ఇప్పుడు పాల పని మానేశాడు, బండి నాకొచ్చింది. నేను 58 కిలోలు.

నాపరాయి లారీలు తిరిగే జమ్మలమడుగు దారుల్లో ప్రతి గుంతా నేరుగా నడుముకే తగిలేది. మొదట షాక్స్ నాచ్, అంటే స్ప్రింగును బిగించే మెట్ల రింగు, అన్నిటికన్నా తక్కువలో పెట్టి చూశాను. వెనక భాగం కొంచెం దిగింది గానీ కుదుపు తగ్గలేదు. నాచ్ తిప్పితే మారేది స్ప్రింగును ముందుగా ఎంత నొక్కి ఉంచుతున్నామన్నదే, దాని గట్టితనం కాదు. గట్టితనం కమ్మీ మందంలో ఉంటుంది, చుట్ల వెడల్పులో, చుట్ల సంఖ్యలో ఉంటుంది. మిగతావన్నీ అలాగే ఉంచి కమ్మీని 7 మిల్లీమీటర్ల నుంచి 8కి పెంచితే స్ప్రింగు దాదాపు 70 శాతం గట్టిపడుతుంది! లెక్క వేసి చూసుకున్నాక ఇన్నాళ్ళూ నా నడుము ఎందుకు పోయిందో అర్థమైంది.

మార్చే ముందు కొలవండి, దయచేసి. సెంటర్ స్టాండ్ వేసి, చక్రం వేలాడుతుండగా ఇరుసు బోల్టు నుంచి సీటు కింద ఒక గుర్తు దాకా టేపు పెట్టి రాసుకోవాలి, తర్వాత స్టాండ్ తీసి మీరు ఎక్కి కూర్చున్నాక ఇంకొకరితో మళ్ళీ కొలిపించాలి. ఆ తేడా చక్రం మొత్తం కదలికలో సుమారు 30 శాతం ఉంటే బాగుంటుంది, అంటే 80 మిల్లీమీటర్ల కదలికకు 24. నాకు వచ్చింది 9. బయట కొన్న తేలిక స్ప్రింగుల జత వేశాక 22 వచ్చింది.

విప్పే పని మాత్రం స్ప్రింగు నొక్కే పరికరం ఉన్న మెకానిక్ దగ్గరే చేయించండి, నొక్కి ఉన్న స్ప్రింగు జారితే చెయ్యి పోతుంది. ఒక పక్కే మార్చకూడదు, రెండూ ఒకేసారి మార్చాలి.

నేను ఊహించనిది ఇంకొకటి జరిగింది. ఇదివరకు స్పీడ్ బ్రేకర్ దాటగానే వెనక భాగం పైకి ఎగిరేది, షాక్స్ లోపల ఆయిల్ అయిపోయిందనుకున్నాను. ఆయిల్ బాగానే ఉంది, అంత గట్టి స్ప్రింగు వెనక్కి తన్నే బలాన్ని ఆ మామూలు షాక్స్ ఆపలేకపోయాయి, అంతే. ఇప్పుడు ఒకసారి దిగి, లేచి, నిలబడిపోతుంది. గండికోట దాకా పోయొచ్చాను, దిగాక నడుము మీద చెయ్యి పెట్టుకోలేదు.

వెనక దిగింది కాబట్టి చైన్ వదులు మళ్ళీ చూసుకోవాలి, హెడ్‌లైట్ కూడా కాస్త పైకి కొడుతుంది, దించాలి. అమ్మ వెనక కూర్చుంటే నాచ్ రెండు మెట్లు పెంచుతున్నాను, లేకుంటే పెద్ద గుంతలో షాక్స్ చివరిదాకా నొక్కుకుపోయి కొట్టుకుంటున్నాయి.

నాన్న మొన్న చూసి, "ఏమిరా, బండి ఇట్ల కూసున్యాది?" అన్నాడు. ఎక్కించుకుని బజారు దాకా తీసుకుపోయాను. ఏమీ అనలేదు, ఇంటికి వచ్చాక పాత స్ప్రింగులకు తనే నూనె పూసి గోనెసంచిలో చుట్టి పెట్టాడు. చెనక్కాయల కాలంలో మూటలు వేయాల్సి వస్తే మళ్ళీ అవే బిగించాలి.