స్టట్‌గార్ట్ నుంచి రోవిన్ దాకా కారవాన్‌తోని: హన్మకొండల కూర్చొని గీస్తున్న రూట్

సెప్టెంబర్‌ల అక్కోళ్ల దగ్గరికి స్టట్‌గార్ట్ పోతున్నం, అమ్మ, బాపు, నేను. బావకి కారవాన్ ఉంది, అంటే కారు ఎనకాల తగిలించుకొని లాగే బండి, మంచాలు, పొయ్యి, ఫ్రిజ్ అన్నీ దాంట్లనే ఉంటయి. అందరం కలిసి క్రొయేషియా సముద్రం ఒడ్డున ఉన్న రోవిన్ ఊరి దాకా పోయి ఇటలీ మీదికెళ్లి వాపస్ రావాలె. రూట్ గీసే పని బావ నాకు అప్పజెప్పిండు, రాత్రి అన్నం తిన్నంక మ్యాప్ ముందట కూర్చుంటే టైమే తెలుస్తలేదు.

ఫస్ట్ తెలుసుకోవాల్సింది ఏందంటే మ్యాప్‌ల చూపించే టైమ్ కారుకి, కారవాన్‌కి కాదు. స్టట్‌గార్ట్ నుంచి రోవిన్‌కి సుమారు 800 కిలోమీటర్లు, పొద్దున బయల్దేరితే రాత్రికి పోవచ్చు అన్నట్టు చూపిస్తది. కానీ జర్మనీల కారవాన్ లాగే కారుకి హైవే మీద కూడా లిమిట్ 80, వేరే పర్మిషన్ తీసుకొని 100 స్టిక్కర్ పెట్టుకుంటే 100, దానికి కూడా కారవాన్ టైర్లు ఆరేండ్లు దాటొద్దు. ఇటలీల మళ్ళ 80. అందుకే నేను మూడు రోజులు పెట్టిన, ఫస్ట్ రాత్రి కీమ్‌సీ చెరువు దగ్గర, రెండో రాత్రి స్లొవేనియాల బ్లెడ్, మూడో రోజు రోవిన్. పొద్దు ఉండంగనే క్యాంప్‌సైట్‌కి చేరాలె, చీకట్ల అంత పొడుగు బండిని రివర్స్ పెట్టుడు అంటే ఎవ్వరికైనా కష్టమే.

రెండోది ఘాట్లు. ఆల్ప్స్ దాటుడు ఉంటది కదా, అక్కడ సొరంగాలే మనకి దిక్కు. సాల్జ్‌బర్గ్ దాటినంక టౌర్న్ హైవే, ఆ తర్వాత ఆస్ట్రియాకి స్లొవేనియాకి మధ్యల కరవాంకెన్ సొరంగం, దాదాపు 8 కిలోమీటర్లు. ఆస్ట్రియా విన్యెట్, అంటే హైవేలు ఎక్కనీకి కొనే పాస్, కారుకి ఒక్కటి ఉంటే చాలు, కారవాన్‌కి వేరే అక్కర్లేదు, కాకపోతే టౌర్న్ హైవేకి, కరవాంకెన్ సొరంగానికి టోల్ మాత్రం వేరేగ కట్టాలె. ఇక్కడ ఒక్కటి గట్టిగ చెప్తున్న, నావిగేషన్‌ల టోల్ వద్దు అని అస్సలు పెట్టొద్దు. సొరంగం కాడ జామ్ అయినా, టోల్ తప్పించమన్నా అది వుర్జెన్‌పాస్ దిక్కు మళ్ళిస్తది, ఆ రోడ్డు ఎక్కుడు 18 శాతం, అసొంటి రోడ్డు మీదికి కారవాన్‌ని తీస్కపోవద్దు. స్విట్జర్లాండ్ మీదికెళ్లి రావాలని కూడా చూసిన, అక్కడ 40 ఫ్రాంకుల విన్యెట్ కారుకొకటి, కారవాన్‌కొకటి కొనాలె, కొన్ని గంటల కోసం ఎందుకని ఇడ్సిపెట్టిన. వాపస్‌ల ఇటలీల ట్రియెస్టే, గార్డా చెరువు, ఆ తర్వాత ఆల్ప్స్‌ల బ్రెన్నర్ ఘాట్ మీదికెళ్లి వస్తం.

గాలి సంగతి ఇంకా పెద్దది. అడ్రియాటిక్ తీరంల బోరా అని గాలి, కొండల మీదికెళ్లి సముద్రం దిక్కు దబదబ దిగుతది. ఎక్కువ చలికాలంల ఉంటది గానీ వేరే టైమ్‌ల కూడా వస్తది. అది గట్టిగ కొడితే క్రొయేషియాల క్ర్క్ దీవి బ్రిడ్జి మీద కారవాన్లను ఆపేస్తరు, స్లొవేనియాల విపావా లోయ రోడ్డు మీద కూడా అంతే. మనం పోయే దారిల కోపెర్‌కి ముందు చ్ర్నీ కాల్ వంతెన ఉంది, 95 మీటర్ల ఎత్తు, అందుకే బ్లెడ్‌ల ఒక రోజు ఎక్స్‌ట్రా పెట్టిన, గాలి ఉంటే ఆన్నే ఆగుతం.

ఇగ బరువు. కారవాన్ కాగితాల మీద రాసిన మొత్తం బరువుల ఖాళీ బండి బరువు తీసేస్తే మనకి మిగిలేది తక్కువ, గ్యాస్ సిలిండర్లు, నీళ్లు, గుడారం అన్నీ దాంట్లకే వస్తయి. బియ్యం, పచ్చడి డబ్బాలు ఎక్కడ పెట్టాలె అంటే బండి లోపల చక్రాలకి సరిగ్గ పైన వచ్చే జాగల, కింద నేల మీదనే. ఇది బాపుకి చెప్తే టక్కున పట్టుకున్నడు, వడ్ల బస్తాలన్నీ ట్రాలీ తోకకి ఏస్తే కొండి పైకి లేస్తది, ట్రాలీ ఊగుతది, గంతే కదా అన్నడు. అచ్చం గంతే. ఊగుడు మొదలైతే యాక్సిలరేటర్ మీద కాలు తీయాలె, స్టీరింగ్ ఇటు అటు తిప్పొద్దు.

అమ్మ ఎనక మంచం మీద పండుకొని వస్త అన్నది, నడుస్తున్న కారవాన్‌ల మనుషులు ఉండొద్దు అని చెప్పిన. మామిడికాయ పచ్చడి, సకినాలు ఓకే, నెయ్యి మాత్రం తీస్కపోనియ్యరు, పాలతోని చేసినయి ఏవీ యూరప్‌లకి రానియ్యరు. ఇంకోటి, కొన్ని క్యాంప్‌సైట్లల కరెంట్ 6 ఆంపియర్లే ఇస్తరు, అంటే సుమారు 1380 వాట్లు, రైస్ కుక్కర్, కెటిల్ ఒక్కసారి పెడితే ట్రిప్ అయితది. అన్నం అయినంకనే చాయ్.

నడిపేది బావనే, ఆయనకి ట్రైలర్ లైసెన్స్ ఉంది. ఈ దేశాలన్నింటికీ ఒక్కటే వీసా, అది ఏ దేశానికి అప్లై చేయాలె అనేది ఎక్కడ ఎక్కువ రోజులు ఉంటున్నం అనే దాని మీద ఉంటది, అందుకే రాత్రులన్నీ దేశాల వారీగ రాసుకున్న, జర్మనీలనే ఎక్కువ వచ్చినయి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, రేపు అమ్మోళ్లకు ఫోటోలు దిగిపియ్యాలె.